గారడీ సామాను చేతిలో ఎలా ఉండాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా మిద్దె మీద ఆదివారం పొద్దున పదిమంది దాకా హస్తలాఘవం నేర్చుకోవడానికి వస్తారు. బడిపిల్లలే ఎక్కువ. వాళ్ళతో పాటు ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక బస్సు కండక్టరు. కొత్తగా చేరినవాళ్ళు అడిగేవీ, ఫోన్ చేసి అడిగేవీ తిప్పితిప్పి అవే ప్రశ్నలు. నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ ట్రిక్కునూ మొదటి నుంచి చివరిదాకా విప్పి చెప్పలేదు, అందుకోసం వచ్చినవాళ్ళు నన్ను మన్నించాలి. బిళ్ళ, పేక, గిన్నె, గుడ్డ, తాడు చేతిలో ఎలా ఇమడాలి, వాటిని ఎలా చూసుకోవాలి అన్నంతవరకే.

చేతివాటం అన్నా హస్తలాఘవం అన్నా ఒకటేనా?

మాటగా చూస్తే దగ్గరే. కానీ మన ఊళ్ళలో "వాడికి చేతివాటం ఉంది" అంటే పక్కవాడి జేబు మీద కన్నున్న రకం అని అర్థం. ఒకాయన కొడుకును చేర్పించడానికి వచ్చి "సామీ, మావాడికి మంచి చేతివాటం నేర్పించాల" అన్నాడు. మిద్దంతా నవ్వులు. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు పాపం. హస్తలాఘవం అంటే చేతిపని తేలిగ్గా, అసలు పనే జరగనట్టు సాగిపోవడం. దీనికి మన పాత మాట కనికట్టు. నాకు అదే ఇష్టం. లాఘవం వేళ్ళది, కట్టు కంటిది. వేళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా కంటి కట్టు జారితే ఆట అయిపోయినట్టే.

మొదట ఏ వస్తువుతో మొదలుపెట్టాలి?

వస్తువు లేకుండా. ఇది తమాషాకు అనడం లేదు. మొదటి ఆదివారం నేను ఎవరికీ ఏమీ ఇవ్వను. టీ గ్లాసు పట్టుకోమంటాను, స్కూటరు తాళంచెవి తీయమంటాను, చిల్లర లెక్కపెట్టి పక్కవాడికి ఇవ్వమంటాను. అప్పుడు వాళ్ళ చెయ్యి ఎలా ఉందో వాళ్ళనే చూసుకోమంటాను. ఖాళీ చెయ్యి నిటారుగా, వేళ్ళన్నీ బారుగా చాపుకుని ఉండదు. కొంచెం ముడుచుకుని, సోమరిగా, తొడ పక్కన వేలాడుతూ ఉంటుంది. రేపు ఆ చేతిలో బిళ్ళ దాగినప్పుడు కూడా అచ్చం అలాగే ఉండాలి. ఖాళీ చెయ్యి ఎలా ఉంటుందో తెలియనివాడు నిండు చేతిని ఖాళీగా చూపించలేడు.

ఆ తర్వాత బిళ్ళ. ఎందుకంటే అది అందరి జేబులోనూ ఉంటుంది, ప్రత్యేకంగా కొననక్కర్లేదు, ఎవరూ అనుమానించరు.

ఏ బిళ్ళ మంచిది?

పెద్దవాళ్ళకు 10 రూపాయల బిళ్ళ. అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 7.7 గ్రాములు. అరచేతిలో బాగా కూర్చుంటుంది. 20 రూపాయల బిళ్ళ కొలత కూడా 27 మిల్లీమీటర్లే, కానీ 12 మూలలు ఉంటాయి, బరువు 8.54 గ్రాములు. ఆ మూలలు చర్మానికి పట్టు ఇస్తాయి కాబట్టి కొత్తవాళ్ళకు అదే తేలికని కొందరు అంటారు. నా మటుకు నాకు అది వేళ్ళ మధ్య దొర్లించేటప్పుడు అడుగడుగునా తట్టుకుంటుంది. రూపాయి బిళ్ళ రానురానూ చిక్కిపోయింది, ఇప్పుడు అది హస్తలాఘవానికి పనికిరాదు.

మీ ఇంట్లో ఏ డబ్బాలోనైనా 1990ల నాటి లావుపాటి 5 రూపాయల బిళ్ళలు ఉంటే ఖర్చు పెట్టకండి. 23 మిల్లీమీటర్లే, కానీ 9 గ్రాముల బరువు, మందమైన అంచు. చిన్న చేతులకు, ముఖ్యంగా పదేళ్ళ పిల్లలకు, అంతకంటే మంచి బిళ్ళ నేను చూడలేదు.

వీడియోల్లో వాడేది ఎక్కువగా అమెరికా అరడాలరు. అది 30.6 మిల్లీమీటర్లు, 11.34 గ్రాములు. ఆ బిళ్ళతో వీడియోలో మనిషి చేసినది మీ బిళ్ళతో మీకు రాకపోతే మీ చేతిలో లోపం ఉన్నట్టు కాదు. అలాగని తెప్పించుకుంటే ఇంకో చిక్కు. ఇక్కడి జనం ముందు ఆ డాలరు బిళ్ళ తీయగానే "అది మ్యాజిక్ బిళ్ళ" అనేస్తారు.

అరచేతిలో బిళ్ళ నిలవడం లేదు, జారిపోతోంది. ఏం చేయాలి?

ఎక్కువమంది మొదటిరోజే అరచేతి మధ్యలో నిలపాలని చూస్తారు. దాన్ని క్లాసిక్ పామ్ అంటారు. దానికంటే ముందు ఫింగర్ పామ్ నేర్చుకోండి. మధ్యవేలు, ఉంగరపు వేలు మొదళ్ళలో బిళ్ళను పడుకోబెట్టి, వేళ్ళను మామూలుగా ముడుచుకోనివ్వడమే. చెయ్యి కిందికి వేలాడేస్తే వేళ్ళు ఎలాగూ ముడుచుకుంటాయి కదా, అదే బిళ్ళకు ఊయల. నొక్కాల్సిన పని లేదు.

క్లాసిక్ పామ్‌లో బిళ్ళ ఒకవైపు బొటనవేలి కింద ఉబ్బెత్తు కండకు, రెండోవైపు చిటికెనవేలి కింది కండకు మధ్య నిలుస్తుంది. చోటు మనిషి మనిషికీ కొంచెం మారుతుంది. మధ్యవేలు, ఉంగరపు వేలి కొసలతో బిళ్ళను అరచేతిలోకి తోసి, అటూ ఇటూ జరుపుతూ చూడండి. ఒకచోట అది దానంతట అదే ఆగుతుంది. అదే మీ చోటు. అందరూ చేసే పొరపాటు, పడిపోతుందేమోనని పిసికేయడం. పిసికితే బొటనవేలు కర్రలా బిగుసుకుని పక్కకు నిలబడుతుంది. దూరం నుంచి చూసినా "ఏదో ఉంది" అని చెప్పేది ఆ బొటనవేలే. బిళ్ళ పడిపోతే పడిపోనివ్వండి. నేల మీద దుప్పటి మడిచి వేసుకుంటే కింది వాటావాళ్ళు కూడా తిట్టరు.

బిళ్ళ నిలిచాక ఆ చేతితోనే పనులు చేయండి. తలుపు తీయండి, పేపరు తిప్పండి, పెన్ను పట్టి పేరు రాయండి. మా కండక్టరు టికెట్లు కొట్టేటప్పుడు ఎడమచేతిలో ఒక బిళ్ళ దాచుకుని రేణిగుంట దాకా వెళ్ళేవాడట. పీలేరు రూటు వేసేసరికి అది ఉన్న సంగతే మరిచిపోయేవాడు. మరిచిపోవడమే కావాల్సింది. బిళ్ళ ఉందని మీరు మరిచిపోతే చూసేవాళ్ళకూ గుర్తు రాదు.

ఇదంతా బాగా వచ్చాక డౌన్స్ పామ్ లాంటివి చూడవచ్చు. టి. నెల్సన్ డౌన్స్ (1867–1938) అనే అమెరికన్ తనను తాను నాణేల రాజునని చెప్పుకునేవాడు. గాలిలోంచి బిళ్ళలు ఏరి టోపీలో వేసే ఆటతో పేరు తెచ్చుకున్నాడు. ఆ పట్టుకు ఆయన పేరే ఉంది. అందులో బిళ్ళ అంచు చర్మానికి గుచ్చుకుంటుంది, కొత్తలో నొప్పి పుడుతుంది. నొప్పి పుడితే ఆపేయండి. గంటసేపు పళ్ళు బిగపట్టి చేసేకంటే, రోజుకు మూడుసార్లు పది నిమిషాలు చేయడం మేలు.

ఫ్రెంచ్ డ్రాప్ చేస్తే పిల్లలు కూడా పట్టేస్తున్నారు. ఎందుకు?

ఎందుకంటే ప్రతి పుస్తకమూ, ప్రతి వీడియో కూడా దాంతోనే మొదలుపెడుతుంది. అది మొదట నేర్పాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం. ఎడమచేతి వేళ్ళ కొసల మీద ఉన్న బిళ్ళను కుడిచెయ్యి తీసుకున్నట్టు నటించడం అది. అసలు ప్రశ్న: ఎడమచేతిలో ఉన్నదాన్ని కుడిచేతిలోకి ఎందుకు మారుస్తున్నారు? ఇంట్లో ఎప్పుడైనా ఊరికే అలా మారుస్తారా? కారణం లేని కదలిక చూడగానే పిల్లల కన్ను అక్కడే అతుక్కుంటుంది. ఎడమచేతితో చాక్‌పీసు తీసుకోవాలి, అందుకే బిళ్ళ కుడిచేతిలోకి వెళ్ళాలి. అలా ఒక అవసరం కల్పించండి. చాక్‌పీసు తీసుకునే చెయ్యి కాబట్టి అది సగం ముడిచి ఉన్నా ఎవరికీ వింతగా అనిపించదు.

ఇంకొకటి. నిజంగా బిళ్ళను పదిసార్లు అటు నుంచి ఇటు మార్చండి, ఆ తర్వాత పదకొండోసారి నటించండి. మీ కళ్ళు ఎటు వెళ్ళాయో గమనించండి. నిజంగా మార్చినప్పుడు మీరు కుడిచేతినే చూశారు. నటించినప్పుడు ఎడమచేతి వైపు దొంగచూపు చూస్తారు. దొరికిపోయేది అక్కడే.

చేతులకు చెమట ఎక్కువ. ఈ విద్య నాకు రాదేమో?

మే నెలలో తిరుపతిలో చెమట పట్టని చెయ్యి ఉంటే అదే పెద్ద మ్యాజిక్. బిళ్ళలకు కొంచెం తడి మంచిదే, పట్టు ఉంటుంది. పేకకు మాత్రం శత్రువు. చేతిగుడ్డ ఎడమ జేబులో పెట్టుకోండి, మాట్లాడుతూ మాట్లాడుతూ తుడుచుకోండి. చేతిగుడ్డ కోసం జేబులోకి వెళ్ళే చెయ్యి ఇంకేం చేసి వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

అసలు ఇబ్బంది దీనికి తలకిందులుగా వస్తుంది. చలిపుట్టే ఏసీ హాలులో, స్టేజీ టెన్షన్‌తో చేతులు చల్లబడి, పొడిబారిపోతాయి. ఇంట్లో వందసార్లు నిలిచిన బిళ్ళ స్టేజీ మీద ఠంగుమని పడుతుంది. నాకు అలా ఒక కాలేజీ వార్షికోత్సవంలో పడింది, దొర్లుకుంటూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్ చెప్పు దగ్గర ఆగింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా స్టేజీ ఎక్కే ముందు రెండు చుక్కల గ్లిజరిన్ అరచేతికి రుద్దుకుంటాను.

మామూలు బిళ్ళలు అయస్కాంతానికి అంటుకుంటాయా?

ఇప్పటి 1, 2 రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలువి, అంటుకుంటాయి. మిగతావి అన్నీ అంటుకోవు కాబట్టి అయస్కాంతపు ఉంగరం కొనే ముందు చూసుకోండి. ఆ ఉంగరాన్ని ఏటీఎం కార్డు ఉన్న జేబులో వేయకండి.

లేతు షాపులో 5 రూపాయల బిళ్ళను తొలిచి గుల్ల బిళ్ళ చేయించుకోవచ్చా?

వద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం చలామణిలో ఉన్న నాణేలను కరిగించడం, నాశనం చేయడం నేరం. లేతు కుర్రాడు మొహమాటానికి సరే అన్నా మీరు అడగకండి. పైగా గుల్ల బిళ్ళ చేతిలో ఉంటే పట్టు నేర్చుకోవడం ఆగిపోతుంది. మొదటి రెండేళ్ళు మామూలు బిళ్ళలే చాలు.

పేక ఏది కొనాలి? దిగుమతి పేక తప్పనిసరా?

తప్పనిసరి కాదు. గాంధీ రోడ్డులో ఫ్యాన్సీ షాపులో దొరికే, పైన పూత ఉన్న కాగితం పేక నేర్చుకోవడానికి చాలు. పూర్తి ప్లాస్టిక్ పేక మాత్రం వద్దు. అది కడుక్కోవచ్చు, చిరగదు, రమ్మీకి బంగారం, కానీ ముక్క వంగి మళ్ళీ లేచే తీరు వేరు, ముక్క మీద ముక్క మరీ జారుతుంది. చేయి తిరిగాక బైసికిల్ బ్రాండు కట్ట ఒకటి కొనుక్కోండి. దాని మీద కనీకనపడని సన్నటి గుంటలు ఒత్తి ఉంటాయి. రెండు ముక్కల మధ్య గాలి చిక్కుకుని, ముక్కలు ఒకదానిపై ఒకటి ఒకే తీరుగా జారతాయి. విసనకర్రలా పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

వెడల్పు చూసుకోండి. పోకర్ కొలత రెండున్నర అంగుళాలు, బ్రిడ్జ్ కొలత రెండుంపావు. పొడవు రెండిటికీ మూడున్నర అంగుళాలే. ఆ పావు అంగుళం పిల్లల చేతిలో చాలా పెద్ద తేడా.

పేక కట్ట పట్టుకునే పద్ధతి ఏమిటి?

ఎడమ అరచేతిలో కట్ట, ముందు అంచు మీద చూపుడువేలు, మిగిలిన మూడు వేళ్ళు పక్కన, బొటనవేలు పైన వాలుగా. దీన్ని మెకానిక్స్ గ్రిప్ అంటారు. ముక్కలు పంచేవాళ్ళందరూ ఎంతోకొంత ఇలాగే పట్టుకుంటారు. చిటికెనవేలి కండతో ముక్కల మధ్య గోరంత సందు నిలపడం ఇందులోనే వస్తుంది. ఆ సందు వెనకవైపే ఉండాలి. ముందు అంచులో గీతలా కనపడితే పట్టు బిగించారని లెక్క.

ఇక్కడ మన ప్రాంతానికి మాత్రమే చెందిన మాట ఒకటి చెప్పాలి. మన చిన్నాన్నలు, మామలు రమ్మీలో తలపండినవాళ్ళు. పేక ఎలా కలుపుతారో, ఎలా కోస్తారో, ఎలా పంచుతారో వాళ్ళ చేతులకు పుట్టుకతో తెలుసు. వాళ్ళ ముందు మీరు పేకను జలపాతంలా దూకించి, ఒంటిచేత్తో కోసి చూపిస్తే "ఓహో" అంటారు, ఆ తర్వాత మీరు ఏం చేసినా "వీడు ఆరితేరినోడు, ఏదో చేసుంటాడు" అనుకుంటారు. ఆశ్చర్యం చచ్చిపోతుంది. వాళ్ళలాగే కొంచెం మొరటుగా కలపండి. మధ్యలో రెండు ముక్కలు జారవిడవండి, తిట్టుకుంటూ ఏరుకోండి. అప్పుడు వాళ్ళు తీసి దాచిన ఆటీను రాణి మీ చొక్కా జేబులోంచి వస్తే చూడండి ముఖాలు.

రెండు ముక్కలను ఒకటిగా ఎత్తే పని, అంటే డబుల్ లిఫ్ట్, కూడా అంతే. ఒక ముక్కను మామూలుగా ఎలా తిప్పుతారో దాన్ని బట్టి రెండింటినీ తిప్పాలి. చాలామంది రెండు ముక్కలు తిప్పడం ముందు నేర్చుకుని, ఒక ముక్కను కూడా అలా వింతగా తిప్పడం అలవాటు చేసుకుంటారు. గుర్రం ముందు బండి కట్టినట్టు.

లడ్డూ చేతులతో ముక్క తీసుకున్నారు. పేక పాడైనట్టేనా?

తిరుపతిలో తప్ప ఈ ప్రశ్న ఎక్కడా రాదనుకుంటా. కొండ దిగి వచ్చిన బంధువుల ముందు ఆట ఆడితే జరిగేది ఇదే. ప్రసాదం చేతిలో పెట్టి, "ఒక ముక్క తీయి మామా" అంటాం. నెయ్యి అంటిన ముక్క వెనకవైపు మచ్చ పడుతుంది, పక్క ముక్కకు అతుక్కుంటుంది. ఆ కట్ట ఇక నున్నగా జారదు. తుడిచినా జిడ్డు కాగితంలోకి దిగే ఉంటుంది. ఆ ముక్కను పక్కన పెట్టేయండి.

నాకు ఒకసారి ఆ మచ్చే దారి చూపింది. మా అత్తమ్మ తీసిన ముక్క ఏదో చూడకుండానే చెప్పాలి, నా పద్ధతి మధ్యలో తప్పిపోయింది. కట్ట చూస్తే ఒక ముక్క మీద బొటనవేలంత నెయ్యి మచ్చ. ఇప్పటికీ ఆమె నాకు ఏదో విద్య ఉందనే నమ్ముతుంది. అలా ప్రతిసారీ కలిసిరాదు. ముందే అందరికీ నీళ్ళు ఇచ్చి చేతులు కడిగించండి.

ఎండకు పేక వంకర తిరిగింది. సరిచేయవచ్చా?

స్కూటరు డిక్కీలో పెట్టారు కదా. మే నెలలో అందులో పెట్టిన పేక అప్పడంలా వంగుతుంది. వంగిన వైపుకు ఎదురుగా కట్టంతటినీ మెల్లగా వంచి, పెట్టెలో పెట్టి, పైన లావుపాటి పుస్తకం రెండు రోజులు ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల తేమ. అప్పుడు ముక్కలు ఉబ్బి, అతుక్కుంటాయి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా పేక ఉన్న డబ్బాలో వేయండి. టాల్కం పౌడరు చల్లకండి, ఉండకట్టి ఇంకా గరుకవుతుంది. మెజీషియన్లు పేక జారడానికి జింక్ స్టియరేట్ పొడి వాడతారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

గిన్నెలు, బంతుల ఆటకు మన గిన్నెలు మంచివా, విదేశీ గిన్నెలా?

రెండూ వేర్వేరు ఆటలు. మన గారడీవాళ్ళ గిన్నెలు చిన్నవి, బోర్లిస్తే పైన బుడిపె ఉంటుంది. ఆ బుడిపెను వేళ్ళ మధ్య ఇరికించి గిన్నె ఎత్తుతారు. గిన్నె ఎత్తే చెయ్యే బంతిని దాచే చెయ్యి కూడా. గారడీవాడు నేల మీద కూర్చుంటాడు, జనం చుట్టూ నిలబడి పైనుంచి చూస్తారు. అందుకు తగ్గట్టే ఆ గిన్నె, ఆ పట్టు పుట్టాయి. నేను మొదట చూసింది చంద్రగిరి సంతలో అలాంటి ఆటే. గోనెపట్టా మీద మూడు చెక్క గిన్నెలు, గుడ్డ చుట్టిన బంతులు. మా నాన్న చెయ్యి పట్టుకుని లాగుతున్నా కదలలేదు. విదేశీ గిన్నెలకు పైన బుడిపె ఉండదు, అంచు దగ్గర మెట్టులా ఉండి ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. టేబులు వెనక నిలబడి చేసేవాళ్ళకు అవే అనువు.

ఏ గిన్నె అయినా ఎత్తేటప్పుడు మీ వైపు అంచు ముందు లేవాలి, ఆ తర్వాత జనం వైపు అంచు. ఈ ఒక్కటి చేతికి పడితే సగం ఆట వచ్చినట్టే. బంతి చప్పుడు చేయకూడదు. గోలీకాయలు, ప్లాస్టిక్ బంతులు ఇత్తడికి తగిలి టకటకమంటూ మీ గుట్టు ఊరంతా చాటుతాయి. ఊలుతో అల్లిన బంతి, లోపల కొంచెం గుడ్డ కుక్కింది, మంచిది. మా ఇంట్లో అవి మా అమ్మ అల్లింది.

చివర గిన్నె కింద నుంచి నిమ్మకాయ తీస్తే బాగుంటుంది కదా?

ప్రపంచమంతా నిమ్మకాయే తీస్తారు. నేను మానేశాను. ఒక పల్లెలో ఆట చివర మూడు గిన్నెల కింద మూడు నిమ్మకాయలు తేలగానే ముందు కూర్చున్న అవ్వ లేచి, "ఏంది నాయనా ఇది, పిల్లోళ్ళ ముందర నిమ్మకాయలు ఏంటికి తెస్తివి?" అని మనవడిని ఎత్తుకుని వెళ్ళిపోయింది. మన దగ్గర నిమ్మకాయ అంటే దిష్టి, చేతబడి, మూడు దారుల కూడలి. ఆ భయం నాకు అక్కర్లేదు. ఇప్పుడు మదనపల్లె టమాటాలు తీస్తాను. దోరగా, గట్టిగా ఉన్నవి, గిన్నె నోటికి సరిపోయేవి ఎంచుకోండి. పండినవి చేతిలోనే చితికిపోతాయి. పైగా ధర పెరిగిన రోజు టమాటా తీస్తే జనం నవ్వే నవ్వు వేరు.

ఇత్తడి గిన్నెలు నల్లబడ్డాయి, ఒకదానికి సొట్ట పడింది.

చింతపండు పులుసుతో తోమి, బాగా కడిగి, పొడిగుడ్డతో ఆరేదాకా తుడవండి. పులుపు మిగిలితే మళ్ళీ మచ్చలు పడతాయి. కొన్నవాటి మీద మెరుపు పూత ఉంటే మాత్రం చింతపండు తగలనివ్వొద్దు, ఉత్త గుడ్డ చాలు. సొట్టను ఇంట్లో సుత్తితో కొట్టకండి. గిన్నె లోపలి గుండ్రం చెడితే ఒకదానిలో ఒకటి కూర్చోవు. పాత్రలకు మాట్లు వేసేవాళ్ళ దగ్గర తీయించండి.

థంబ్ టిప్ రంగు నా చర్మానికి కలవడం లేదు. దొరికిపోనా?

దొరకరు. ఆన్‌లైన్‌లో వచ్చే, గుడ్డ దాచుకునే ఈ బొటనవేలి తొడుగులు తెల్లతోలు వాళ్ళ కోసం చేసిన గులాబీ రంగువే ఎక్కువ. రంగు కంటే మెరుపు ప్రమాదం. సన్నటి గరుకు కాగితంతో మెత్తగా రుద్ది ఆ నిగనిగ తీసేయండి. మేకప్ పూయకండి, సిల్కు గుడ్డకు అంటుకుంటుంది. బొటనవేలి కొసను చూసేవాళ్ళ వైపే గురిపెట్టి ఉంచితే అది పొట్టిగా, చుక్కలా కనపడుతుంది. పక్కకు తిప్పితే దొరికిపోతుంది. చెయ్యి కదులుతూ ఉండాలి, మీ చూపు దాని మీదకు పోకూడదు. మరీ బిగుతైనది కొంటే తీసేటప్పుడు టప్పుమంటుంది. ఆరంగుళాల సిల్కు గుడ్డ చాలు, చేతిరుమాలు కుక్కాలని చూడకండి.

ఎదుటివాళ్ళలో ఒక్కరికైనా ఈ తొడుగు సంగతి తెలిసే ఉంటుంది. అందుకే నేను దీన్ని వారానికి ఒకటికి మించి వాడను.

స్పాంజి బంతులు ఎలా చూసుకోవాలి?

సబ్బునీళ్ళలో పిండి, నీడలో ఆరబెట్టండి. నొక్కి పెట్టి మూసిన డబ్బాలో నెలల తరబడి ఉంచితే ఆకారం పోతుంది. ఏడాది రెండేళ్ళకు పొడిలా రాలడం మొదలైతే పారేయండి. రాలిన ఎర్రపొడి చేతికి అంటితే ఇక చెప్పేదేముంది. పిల్లాడి గుప్పిట్లో పెట్టేటప్పుడు "గట్టిగా మూసుకో నాన్నా" అని మీ చేత్తోనే వాడి వేళ్ళు మూయండి. మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు.

తాడు ఏది?

మెత్తటి నూలు తాడు. మధ్యలో నార ఉంటే లాగి తీసేయండి, అప్పుడు ముడి మెత్తగా పడుతుంది. నైలాను తాడుకు ముడి నిలవదు, కోసిన కొసలు విచ్చుకుపోతాయి. కొసలకు కొంచెం ఫెవికాల్ రాసి ఆరనివ్వండి.

కనపడని దారం బదులు వెంట్రుక వాడవచ్చా? తిరుపతిలో వెంట్రుకలకు కరువా?

జోకు పాతదైంది. వెనకటి మెజీషియన్లు నిజంగానే పొడవాటి వెంట్రుకలు వాడేవాళ్ళు. ఇప్పుడు నైలాను పోగులు అంతకంటే సన్నంగా దొరుకుతున్నాయి. దారం వాడే ఆటకు ఫ్యాను ఆపించాలి, వెనక లేతరంగు గోడ ఉండకూడదు. మన ఇళ్ళలో ఈ రెండూ కుదరవు.

ఫ్లాష్ పేపర్ దగ్గర పెట్టుకోవచ్చా?

పిల్లలకు నేర్పను, అమ్మను, ఇవ్వను. అది నైట్రోసెల్యులోజ్, క్షణంలో భగ్గుమంటుంది. నిల్వ చేస్తే తడిగానే ఉంచాలి. విమానంలో తీసుకెళ్ళకూడదు కాబట్టి రేణిగుంట విమానాశ్రయానికి దాంతో వెళ్ళి ఇరుక్కోకండి. నూలు చీరలు, పందిరి గుడ్డలు ఉన్న పెళ్ళింట్లో దాని పేరే ఎత్తొద్దు.

అద్దం ముందు సాధన చేయాలా, ఫోన్‌తో తీసుకోవాలా?

మొదటి వారం అద్దం. ఆ తర్వాత ఫోన్. అద్దం ఒక మోసం చేస్తుంది: దొంగపని చేసే క్షణంలో మీరు కళ్ళు ఆర్పుతారు, కాబట్టి అది మీకు కనపడదు. ఫోన్ అంతా చూపిస్తుంది, మీరు కళ్ళు ఆర్పడంతో సహా. మా దగ్గర ఒక అమ్మాయి బిళ్ళ దాచినప్పుడల్లా ఊపిరి బిగపట్టేది. వీడియోలో భుజాలు లేవడం చూసి తనే నవ్వుకుంది. ఆ క్షణంలో ఒక మాట అనమన్నాను, ఏ మాటైనా సరే. మాట్లాడుతుంటే ఊపిరి బిగపట్టడం కుదరదు. ఫోన్‌ను మీ కంటి ఎత్తులో కాకుండా నేల మీద కూర్చున్న పిల్లాడి ఎత్తులో పెట్టి కూడా తీయండి. బళ్ళలో మిమ్మల్ని చూసేది అక్కడి నుంచే.

ఎదుటివాళ్ళ ఉంగరం, నోటు అడిగి తీసుకోవచ్చా?

నోటు తీసుకోవచ్చు, కానీ దాని మీద సంతకాలు చేయించకండి. నోట్ల మీద రాయొద్దని రిజర్వు బ్యాంకు అడుగుతూనే ఉంది. నంబరు చివరి మూడంకెలు గుర్తుపెట్టుకోమంటే సరిపోతుంది. బంగారు ఉంగరం పెళ్ళిళ్ళలో అడగొద్దు. మీ తప్పు లేకుండా రాయి ఊడినా ఆ మాట జన్మంతా మీ మీదే ఉంటుంది.

చేతిలో పుట్టించి ఇచ్చే విభూతి, కుంకుమ ఆటలు నేర్పుతారా?

నేర్పను. చేతిలోంచి విభూతి రాల్చడం వేళ్ళకు పెద్ద కష్టమైన పని కాదు, కష్టం దాని తర్వాత మొదలవుతుంది. మనది యాత్రికుల ఊరు. జబ్బుతో, అప్పుతో, పిల్లల్లేరనే బాధతో వచ్చినవాళ్ళు ప్రతి సందులోనూ ఉంటారు. మహిమ పేరుతో వాళ్ళ ముందు చెయ్యి తిప్పితే అది ఆట కాదు. మహిమలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నుంచే చట్టం నిషేధించింది. నేను ప్రతి ప్రదర్శనా "ఇది చేతిపని, నేర్చుకుంటే మీకూ వస్తుంది" అంటూనే మొదలుపెడతాను. అలా చెప్పాక ఆశ్చర్యం తగ్గుతుందని భయపడ్డాను. తగ్గలేదు.

అదే కారణంగా గారడీ సంచితో నేను కొండ ఎక్కను. అలిపిరి తనిఖీ దగ్గర రబ్బరు బొటనవేలు దేనికో సిబ్బందికి చెప్పడం కూడా తేలిక కాదు.

"ఆ చెయ్యి చూపించు" అని అడ్డం తగిలితే?

ముందుగా: ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యి చూపించకండి. అడగకుండా "చూడండి, ఏమీ లేదు" అన్నవాడి మీదే అనుమానం వస్తుంది. మెజీషియన్ పి.సి. సర్కార్ (1913–1971) వాటర్ ఆఫ్ ఇండియా అనే ఆటలో ఒక చెంబు ఒంపి, పక్కన పెట్టేసి, వేరే ఆటల్లో పడిపోయేవారు. మధ్యమధ్య మళ్ళీ ఒంపితే మళ్ళీ నీళ్ళు. ఆ చెంబు మీద ఆయనకే ఆసక్తి లేనట్టు ఉండటం వల్లే జనం కూడా దాన్ని వదిలేసేవారు.

అయినా ఎవరో ఒకరు అడుగుతారు. మొన్న గంగమ్మ జాతర రోజుల్లో వేషం వేసుకున్న కుర్రాడు ఒకడు, ముఖం నిండా బొగ్గుపూత, నా మణికట్టు పట్టేసి "అన్నా, కుడిచెయ్యి" అన్నాడు. బిళ్ళ నిజంగా కుడిచేతిలోనే ఉంది. ఎడమచెయ్యి తెరిచి "ఇదా?" అన్నాను. "కాదు, అది" అన్నాడు. కుడిచెయ్యి తెరిచి బిళ్ళ వాడి అరచేతిలో పెట్టి "పట్టేశావు, నీదే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. పది రూపాయలు పోయాయి. వాడు మరుసటి ఆదివారం ముఖం కడుక్కుని మా మిద్దె ఎక్కాడు, అదే బిళ్ళ తెచ్చాడు.